ఏనుగును కొన్నాక అంకుశానికి బేరమా?

(పాత సైనిక శిక్షణ జెట్‌లతో పౌర పైలట్లు చేసే గగన విన్యాసాల మీద చేసిన ప్రసంగ పాఠం)



సాఫ్ట్‌వేర్ ఇంజనీరు మైకు ముందుకు వచ్చాడంటే ఏ ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ గురించో, ఉద్యోగాల మార్కెట్ గురించో మాట్లాడతాడని మీరు అనుకోవడం సహజం. ఆ మాటలు భోజనాల దగ్గర ఎలాగూ తప్పవు. అందుకని ఈ కాసేపు మిమ్మల్ని ఆకాశం వైపు తీసుకువెళదామని వచ్చాను. ఒకప్పుడు వాయుసేనల్లో కుర్ర పైలట్లకు పాఠాలు చెప్పిన జెట్ విమానాలు ఇవాళ మనలాంటి మామూలు పౌరుల చేతుల్లో లూపులు, రోల్స్ కొడుతున్నాయి. ఆ సంగతి చెప్పడమే నా పని.

ముందుగా నా అర్హత. వృత్తిరీత్యా నేను పైలట్‌ని కాను. చదివింది ఇంజనీరింగ్, రాసేది ప్రోగ్రాములు. వారాంతాల్లో నాలుగు సీట్ల సెస్నా నడుపుకోవడానికి ఒక ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంది. నేను విమానం అద్దెకు తీసుకునే చిన్న ఎయిర్‌పోర్టులో, రెండు షెడ్ల అవతల ఒక రిటైర్డ్ ఎయిర్‌లైన్ పైలట్‌గారి ఎల్-39 జెట్ ఉంటుంది. ఆయన దాన్ని తుడుస్తుంటే నేనూ ఒక గుడ్డ పట్టుకుంటాను. అలా తుడుస్తూ, అడుగుతూ, తరువాత ప్రమాద దర్యాప్తు నివేదికలు చదువుతూ తెలుసుకున్నవే ఇవాళ చెబుతాను.

ఇది మన సభకెందుకు అంటారా? ఒకప్పుడు మనవాళ్ళకి విమానమంటే రెండేళ్ళకోసారి ఇండియా ప్రయాణం, రెండు పెద్ద సూట్‌కేసులు, వాటి నిండా ఆవకాయ. ఇప్పుడు మన డాక్టర్లలో, వ్యాపారస్తుల్లో పైలట్ లైసెన్స్ ఉన్నవాళ్ళు కనిపిస్తున్నారు. మన పిల్లలు పదహారేళ్ళకే "నాన్నా, ఫ్లయింగ్ క్లబ్" అంటున్నారు. కొందరికి జెట్ కొనగల స్తోమత వచ్చింది. ఇంకొందరికి స్నేహితుడి జెట్‌లో వెనక సీటు దొరుకుతుంది. మిగతావాళ్ళం వేసవిలో పిల్లల్ని భుజానెక్కించుకుని ఎయిర్ షోలకు వెళుతున్నాం. కొనేవాళ్ళకీ, ఎక్కేవాళ్ళకీ, చూసేవాళ్ళకీ తెలియవలసిన విషయం ఒకటి ఇందులో ఉంది.

మన పెద్దవాళ్ళు దాన్ని ఎప్పుడో ఒక సామెతలో పెట్టేశారు: ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు.

ఈ ఏనుగులు ఎక్కడివి?

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయేసరికి జెట్ యుగం మొదలైంది. పంఖా ఇంజన్ల మీద నేర్చుకున్న కుర్రవాణ్ణి నేరుగా జెట్ ఫైటర్‌లో కూర్చోబెడితే ఏమవుతుందో వాయుసేనలకు త్వరలోనే తెలిసింది. అందుకని రెండు సీట్లుండి, గురువు, శిష్యుడు కలిసి ఎగరగలిగే జెట్‌లు తయారుచేశారు. అమెరికాలో లాక్‌హీడ్ వారి టి-33 మొదటిసారి 1948 మార్చిలో ఎగిరింది. అలాంటివి 6,500కు పైగా తయారయ్యాయి. ఫ్రాన్సులో 'వి' ఆకారం తోక ఉన్న ఫూగా మాజిస్టర్ 1952లో, బ్రిటన్‌లో పక్కపక్క సీట్ల జెట్ ప్రొవోస్ట్ 1954లో వచ్చాయి.

వార్సా ఒప్పందం దేశాలకు ఒకే శిక్షణ జెట్ ఉండాలని 1961లో ఒక పోటీ పెట్టారు. చెకోస్లొవేకియా వారి ఎల్-29 డెల్ఫిన్ నెగ్గింది. పోలెండు మాత్రం తన సొంత విమానం టి.ఎస్.-11 ఇస్క్రాను వదులుకోలేదు. ఇస్క్రా అంటే వాళ్ళ భాషలో నిప్పురవ్వ. ఈ పేరు వినగానే మనలో హైదరాబాదు వాళ్ళకి ఏదైనా గుర్తుకు రావాలి. 1975లో భారత వాయుసేన 50 ఇస్క్రాలు కొని సికింద్రాబాద్ దగ్గర హకీంపేటలో పెట్టింది. 2004 చివరి దాకా అవి అక్కడ ఎగిరాయి. వేసవి సెలవుల్లో అల్వాల్‌లో మా బాబాయిగారింటికి వెళితే మధ్యాహ్నం నిద్ర పట్టేది కాదు. డాబా ఎక్కి చూస్తే ఒకదాని వెనక ఒకటి దిగుతూ ఉండేవి. "అవి పోలెండు విమానాలురా" అని బాబాయి చెబితే, అంత దూరం నుంచి రోజూ వస్తాయా అని మా తమ్ముడు అడిగాడు. ఆ ఇస్క్రాల అక్కచెల్లెళ్ళు, పోలెండులో పని అయిపోయినవి, ఇవాళ అమెరికాలో ప్రైవేటు వ్యక్తుల షెడ్లలో ఉన్నాయి.

ఇక అన్నిటికన్నా పేరు తెచ్చుకున్నది ఎల్-39 ఆల్బట్రోస్. ప్రేగ్ నగరం దగ్గర ఏరో వొడోఖొడి కర్మాగారం దీన్ని తయారుచేసింది. 1968 నవంబరు 4న మొదటిసారి ఎగిరింది. 2,800కు పైగా తయారై డజన్ల కొద్దీ దేశాలకు వెళ్ళింది. దాదాపు 1,700 కిలోల తోపుడునిచ్చే ఒకే ఒక టర్బోఫాన్ ఇంజన్. గంటకు సుమారు 750 కిలోమీటర్ల గరిష్ఠ వేగం. రెండు సీట్లు ఒకదాని వెనక ఒకటి, వెనక సీటు కాస్త ఎత్తులో. పొలాల పక్క మామూలు రన్‌వేల మీద దిగడానికీ, ఇరవై ఏళ్ళ కుర్రవాడు దబ్బున దించినా ఓర్చుకోవడానికీ కట్టిన గట్టి విమానం.

చేతులు మారిన వైనం

1989లో బెర్లిన్ గోడ కూలింది. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయింది. తూర్పు యూరప్ దేశాలకు ఇన్ని జెట్‌లను పోషించే అవసరమూ లేదు, డబ్బూ లేదు. మిగులు విమానాలు అమ్మకానికి వచ్చాయి. పెట్టెల్లో పెట్టి అమెరికా తెచ్చి, విడిభాగాలు మార్చి, రేడియోలు కొత్తవి బిగించి, రంగులు వేసి అమ్మే వ్యాపారం పుట్టింది. కొత్త బిజినెస్ జెట్ ధరతో పోలిస్తే వీటి ధర చాలా తక్కువ, కొన్ని లక్షల డాలర్లలో పని అయిపోతుంది.

అలా వచ్చినవాటిలో కొన్ని బృందాలుగా ఏర్పడ్డాయి. ఫ్రాన్సులోని డిజాన్ కేంద్రంగా ఏడు ఎల్-39లతో బ్రైట్లింగ్ జెట్ టీం ప్రపంచమంతా తిరిగింది. 2015, 2016లలో అమెరికాలోనూ ప్రదర్శనలిచ్చింది. గడియారాల కంపెనీ పోషణ ఆపేయడంతో 2019 చివర ఆ పేరుతో వాళ్ళ కథ ముగిసింది. కాలిఫోర్నియాలోని బైరన్ నుంచి పేట్రియట్స్ జెట్ టీం, లాత్వియా నుంచి బాల్టిక్ బీస్ కూడా ఎల్-39లతోనే పేరు తెచ్చుకున్నాయి. ఈ బృందాల్లో చాలామంది పైలట్లు ఒకప్పుడు సైన్యంలో పనిచేసినవాళ్ళు, లేదా ఎయిర్‌లైన్ పైలట్లు. కానీ విన్యాసం చేసే వేళకు వాళ్ళు పౌరులు. వాళ్ళకి జీతమిచ్చే వాయుసేన లేదు, వెనక రాయల్టీలాంటి పెన్షను తప్ప ప్రభుత్వం లేదు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

లూపు వెనక లెక్క

లూపు అంటే అందరికీ తెలిసిందే. ముక్కు పైకెత్తి, తలకిందులై, మళ్ళీ కిందికి వచ్చి మొదలుపెట్టిన చోటికి చేరడం. చూడటానికి గుండ్రంగా, తేలికగా ఉంటుంది. ఇందులో ఉన్నది ఇంటర్మీడియట్ ఫిజిక్సే. కానీ ఆ ఫిజిక్సు ఎవరినీ క్షమించదు.

విమానం దగ్గర రెండు రకాల డబ్బుంటుంది. వేగం చేతిలో నగదు. ఎత్తు బ్యాంకులో డిపాజిట్. లూపులో పైకి వెళుతుంటే నగదు బ్యాంకులో వేస్తాం, దిగుతుంటే తీస్తాం. మధ్యలో గాలి నిరోధం సర్వీస్ చార్జీ కోసుకుంటుంది, ఇంజన్ జీతం జమచేస్తుంది. 300 నాట్ల వేగంతో పోయే విమానం (ఇవి వరి నాట్లు కావు, గంటకు 555 కిలోమీటర్లు) తన వేగాన్నంతా ఎత్తుగా మార్చుకుంటే సుమారు 1,200 మీటర్లు, అంటే 4,000 అడుగులు లేస్తుంది. కాగితం మీద లెక్క ఇది. నిజంలో పైన కూడా కొంత వేగం మిగలాలి కనుక అంత లేవదు.

రెండో లెక్క. ఒకే 'జీ' బలంతో తిరిగినప్పుడు, వేగం మూడింతలైతే తిరిగే వలయం తొమ్మిదింతలవుతుంది. 100 నాట్లతో పోయే చిన్న విమానం కొన్ని వందల అడుగుల్లో ముగించే మలుపుకి, 300 నాట్ల జెట్‌కి వేల అడుగులు కావాలి. అందుకే చిన్న పిట్స్ విమానంలో ఇరవై ఏళ్ళు విన్యాసాలు చేసినవాడు కూడా జెట్ ఎక్కితే మళ్ళీ ఒకటో తరగతి. కళ్ళు పాత కొలతలతో చూస్తాయి. నేల ఇంకా దూరంగానే ఉందనిపిస్తుంది. అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది.

మూడోది, ఇంజన్ బద్ధకం. సెస్నాలో థ్రాటిల్ తోస్తే శక్తి వెంటనే వస్తుంది. ఆ కాలపు జెట్ ఇంజన్‌ను బాగా తగ్గించి ఉంచితే, మళ్ళీ పూర్తి శక్తికి రావడానికి పది సెకన్ల దాకా పడుతుంది. 300 నాట్ల దగ్గర పది సెకన్లంటే కిలోమీటరున్నర. కాబట్టి జెట్ పైలట్ ఇప్పుడు కావలసిన శక్తిని ఇప్పుడు అడగకూడదు, పది సెకన్ల ముందే అడిగి ఉండాలి. మా మేనేజరు కూడా రిలీజు రోజున కాకుండా ముందుగా అడిగితే బాగుండునని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఒంటి మీద పడే బరువు

'జీ' అన్నాను కదా. భూమి మనల్ని లాగే బలం ఒక జీ. లూపు మొదట్లో ముక్కు పైకి లాగితే నాలుగు జీలు పడతాయి. డెబ్బై కిలోల మనిషి రెండు వందల ఎనభై కిలోలవుతాడు. ఒకసారి వెనక సీట్లో కూర్చుని ఇది అనుభవించాను. కెమెరా పట్టుకున్న చెయ్యి ఒళ్ళోకి పడిపోయింది, ఎత్తబోతే లేవలేదు. హెల్మెట్ బియ్యం బస్తాలాగా మెడ మీద కూర్చుంది. ఫొటోలేవీ రాలేదు. వచ్చిన ఒక్కటీ నా మోకాలిది.

బరువు సంగతి అలా ఉంచండి. అసలు సమస్య రక్తం. అది కాళ్ళ వైపు దిగిపోతుంది. మెదడుకు అందేది తగ్గుతుంది. ముందు రంగులు వెలిసిపోతాయి, చూపు చుట్టుపక్కల నుంచి మూసుకుపోతూ సొరంగంలా అవుతుంది. ఇంకా లాగితే స్పృహ పోతుంది. కాళ్ళు, పొట్ట బిగించి, ఊపిరి చిన్నచిన్నగా పట్టి వదిలే పద్ధతి ఒకటి నేర్పుతారు. గాలితో ఉబ్బి కాళ్ళను నొక్కే జీ-సూట్ వేసుకుంటారు. అవన్నీ సాయం చేస్తాయి గానీ, సరిగా నిద్ర లేకపోయినా, నీళ్ళు తాగకపోయినా, ముందు రోజు జ్వరం వచ్చి తగ్గినా శరీరం తట్టుకునే హద్దు తగ్గిపోతుంది. స్పృహ తప్పితే పది పదిహేను సెకన్లు మనిషి లేనట్టే. తెలివి వచ్చాక ఎక్కడున్నాడో అర్థం కావడానికి మరికొన్ని సెకన్లు. 300 నాట్లతో పదిహేను సెకన్లలో విమానం రెండు కిలోమీటర్లు దాటిపోతుంది. కింది వైపుకు ఉంటే అన్ని కిలోమీటర్లు అక్కడ ఉండవు.

విమానం వచ్చింది, వాయుసేన రాలేదు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

ఎల్-39 వాయుసేనలో ఉన్నప్పుడు దాని చుట్టూ ఏముండేది? ఇంజన్ చూసేవాడు ఒకడు, హైడ్రాలిక్స్ చూసేవాడు ఇంకొకడు, ఎజెక్షన్ సీటు తప్ప మరొకటి ముట్టుకోని వాడు మరొకడు. విడిభాగాల గోదాము. ఏ భాగం ఎన్ని గంటలకు మార్చాలో రాసిన పుస్తకాలు. పైలట్ వారానికి చాలాసార్లు ఎగిరేవాడు. ఎగిరే ముందు డాక్టరు చూసేవాడు. ఎగిరి వచ్చాక పై అధికారి పక్కన కూర్చోబెట్టుకుని ఏం తప్పు చేశావో చెప్పేవాడు. నచ్చకపోతే "ఇవాళ నువ్వు ఎగరవు" అనే అధికారం ఆయనకుండేది.

అమ్మకానికి వచ్చింది విమానం ఒక్కటే. ఈ మనుషులెవరూ పెట్టెలో రాలేదు.

మనలో ప్రోగ్రామర్లకు ఇది తెలిసిన బాధే. ఎక్కడో పెద్ద కంపెనీ రాసుకున్న సాఫ్ట్‌వేర్‌ని తెచ్చి మన సర్వర్ మీద పెట్టుకుంటాం. మొదటి రోజు చక్కగా నడుస్తుంది. దాన్ని రాత్రీ పగలూ కాపలా కాసిన యాభైమంది మనతో రాలేదని అర్ధరాత్రి రెండు గంటలకు తెలుస్తుంది. సర్వర్ పడిపోతే మళ్ళీ లేపుకుంటాం. విమానానికి ఆ సౌకర్యం లేదు.

ఎజెక్షన్ సీటునే తీసుకోండి. ఎల్-39 సీటు నేల మీద ఉండగానే, గంటకు 150 కిలోమీటర్ల వేగం దాటితే పైలట్‌ను బయటికి విసిరి కాపాడగలదు. ఈ విమానం భద్రత అంతా ఆ సీటును లెక్కలో వేసుకుని ఆలోచించినది. కానీ ఆ సీటు పేలుడు పదార్థాలతో పనిచేస్తుంది. ఆ గుళ్ళకు గడువుంటుంది, వాటిని చూడటానికి ప్రత్యేక శిక్షణ పొందినవాళ్ళు కావాలి. అందుకే చాలామంది ప్రైవేటు యజమానులు సీటును నిర్వీర్యం చేసి మామూలు కుర్చీలాగా వాడతారు. అది చట్టవిరుద్ధం కాదు, కొందరి దృష్టిలో తెలివైన పని కూడా. కానీ అలా చేసిన రోజు నుంచి అది వేరే విమానం. కింద పొలాల మీద ఇంజన్ ఆగితే వాయుసేన పైలట్‌కు ఉన్న దారి ఇతనికి లేదు. కాబట్టి ఇతను ఎగరవలసిన ఎత్తు, ఎంచుకోవలసిన చోటు, మొదలుపెట్టవలసిన వేగం అన్నీ వేరు. సీటు తీసేసి, లెక్కలు మాత్రం పాతవే ఉంచుకుంటే అదే అంకుశం దగ్గర బేరం.

ఇంధనం కూడా చెప్పాలి. నా సెస్నా గంటకు ఎనిమిది తొమ్మిది గ్యాలన్లు తాగితే ఎల్-39 నూట యాభైకి పైగా తాగుతుంది. దీని ఫలితం కేవలం జేబు మీద కాదు. ఖర్చు ఎక్కువ కనుక యజమాని తక్కువ ఎగురుతాడు. తక్కువ ఎగిరితే చెయ్యి మొద్దుబారుతుంది. కచేరీ రోజున తప్ప వీణ ముట్టని విద్వాంసుడు ఎలా వాయిస్తాడు? అక్కడైతే అపస్వరం పడుతుంది, అంతే.

షోరంలో ఏం జరిగింది?

2015 ఆగస్టు 22న ఇంగ్లండులో షోరం ఎయిర్ షోలో హాకర్ హంటర్ టి-7 ఒకటి విన్యాసం చేస్తూ పక్కనే ఉన్న ఎ-27 రోడ్డు మీద కూలింది. హంటర్ అంటే మన వాయుసేన కూడా దశాబ్దాలు వాడిన ఫైటర్. టి-7 దాని రెండు సీట్ల శిక్షణ రూపం. పదకొండుమంది చనిపోయారు. పైలట్ తీవ్రంగా గాయపడి బతికాడు.

2017 మార్చిలో వచ్చిన బ్రిటిష్ దర్యాప్తు నివేదికను ప్రతి జెట్ యజమానీ చదవాలి. ఆ విన్యాసం లూపు లాంటిదే, కొంచెం పక్కకు వంగింది. మొదలుపెట్టడానికి కనీసం 350 నాట్లు కావాలి, అతని వేగం దాదాపు 310. పైకి వెళ్ళేటప్పుడు ఇంజన్ శక్తి కూడా పూర్తిగా వాడలేదు. శిఖరం దగ్గర 3,500 అడుగులు ఉండాలి, ఉన్నది సుమారు 2,700.

ఇక్కడ ఇంజనీరుగా ఒక్క మాట. వేగంలో లోటు 11 శాతమే. శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక శక్తిలో లోటు 22 శాతం. స్పీడోమీటరు మీద ముల్లు కాస్త తక్కువ చూపించినట్టే ఉంటుంది. బ్యాంకులో మాత్రం అయిదో వంతు డబ్బు మాయమైంది.

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసిన వాక్యం వేరే ఉంది. శిఖరం దగ్గర, ఆ తరువాత నాలుగు సెకన్ల దాకా కూడా, విన్యాసం వదిలేసి విమానాన్ని నిటారుగా తిప్పుకుని క్షేమంగా వెళ్ళిపోయే వీలుందని పరీక్షల్లో తేలింది. అతను జెట్ ప్రొవోస్ట్ కూడా ప్రదర్శనల్లో నడిపేవాడు. ఆ విమానానికి తక్కువ ఎత్తు సరిపోతుంది. ఒక విమానం అంకె ఇంకొక విమానంలో గుర్తుకు వచ్చి ఉండవచ్చన్నది దర్యాప్తు పరిశీలించిన అవకాశాల్లో ఒకటి. కూలిన తరువాత కూడా ఎజెక్షన్ సీట్లలో పేలుడు పదార్థాలు మిగిలి, సాయానికి వచ్చినవాళ్ళకే ప్రమాదంగా మారాయి.

పైలట్‌ను 2019 మార్చిలో కోర్టు నిర్దోషిగా తేల్చింది. 2022 డిసెంబరులో కరోనర్ విచారణ మాత్రం అవి చట్టవిరుద్ధ మరణాలని నిర్ణయించింది. ఆ న్యాయ చర్చలోకి నేను వెళ్ళను. చనిపోయినవాళ్ళంతా విమానాశ్రయం కంచె బయట రోడ్డు మీద ఉన్నవాళ్ళు. వాళ్ళలో కొందరు ప్రదర్శన చూడటానికి కూడా రాలేదు, తమ దారిన తాము పోతున్నారు. పైలట్ తన ప్రాణంతో ఆడుకుంటాడు, మనకెందుకులే అనే వాదన అక్కడ నిలబడదు.

అంకుశం ఎలా ఉంటుంది?

అమెరికాలో ఈ విమానాలు ఎక్స్‌పెరిమెంటల్ తరగతిలో, ప్రదర్శన కోసమని అనుమతి తెచ్చుకుని ఎగురుతాయి. ప్రతి రకం జెట్‌కీ పైలట్‌కు విడిగా అనుమతి కావాలి. మామూలుగా ఎవరైనా విన్యాసాలు చేయాలంటే నేలకు 1,500 అడుగుల పైనే చేయాలి, జనావాసాల మీద చేయకూడదు. రెండో మనిషి ఉన్నప్పుడు 60 డిగ్రీలకు మించి పక్కకు వంచినా, 30 డిగ్రీలకు మించి ముక్కు ఎత్తినా దించినా అందరికీ పారాచూట్ ఉండాలి.

ఎయిర్ షోలో ఇంకా కిందికి రావాలంటే పరీక్ష పెట్టి కార్డు ఇస్తారు. మొదటి మెట్టు 800 అడుగులు. అనుభవం నిరూపించుకుంటూ 500, ఆ తరువాత 250, చివరికి హద్దులేని కార్డు. మెట్లు దూకడం కుదరదు. 245 నాట్లు దాటి ఎగిరే జెట్ ప్రేక్షకులకు 1,500 అడుగుల దూరంలో ఉండాలి, జనం వైపు దూసుకొచ్చే విన్యాసం చేయకూడదు.

ఇవి ప్రభుత్వం వేసే అంకుశాలు. పైలట్ తనకు తాను వేసుకునే అంకుశాన్ని 'గేట్' అంటారు. లూపు శిఖరం దగ్గర ఎత్తు ఇంత, వేగం ఇంత అని ముందే కాగితం మీద రాసుకుంటాడు. అక్కడికి చేరగానే అంకె చూస్తాడు. సరిపోతే కిందికి లాగుతాడు. సరిపోకపోతే లాగడు. రోల్ చేసి నిటారుగా అయి వెళ్ళిపోతాడు. అక్కడ ఆలోచన లేదు, సర్దుబాటు లేదు. పది అడుగులు తక్కువైనా తక్కువే.

మా పొరుగు పైలట్‌గారిని ఒకసారి అడిగాను, కింద వేలమంది చూస్తుంటే విన్యాసం మధ్యలో వదిలేయడం కష్టం కాదా అని. ఆయన నన్ను తిరిగి అడిగాడు, "నేను వదిలేసినట్టు వాళ్ళలో ఎవరికి తెలుస్తుంది?" అని. నిజమే. లూపు సగంలో తిరిగి నిటారుగా వెళితే అదీ ఒక విన్యాసమే అనుకుని చప్పట్లు కొడతారు. పరువు పోతుందనే భయం పైలట్ బుర్రలో తప్ప ప్రేక్షకుల్లో లేదు.

అందుకే ఈ జెట్ యజమానులు సంఘాలు పెట్టుకుని, ఒకరినొకరు పరీక్షించుకుని, జట్టుగా ఎగరడానికి కార్డులు ఇచ్చుకుంటారు. ఎగిరే ముందు నేల మీద గీసిన గీతల వెంట నడుస్తూ, చేత్తో విమానాన్ని చూపిస్తూ, నోటితో అంకెలు చెబుతూ మొత్తం ప్రదర్శన ఒకసారి చేసుకుంటారు. దూరం నుంచి చూస్తే పెద్దమనుషులు బొమ్మలాట ఆడుతున్నట్టుంటుంది. వాళ్ళు చేస్తున్నది, పెట్టెలో రాని వాయుసేనను చేతనైనంత మళ్ళీ కట్టుకోవడం.

వెనక వ్యవస్థ ఉంటే ప్రమాదమే ఉండదని నేను అనడం లేదు. 2010 మార్చి 3న బేగంపేటలో నౌకాదళం వారి సాగర్ పవన్ బృందంలోని కిరణ్ శిక్షణ జెట్ ఒకటి బోయినపల్లిలో ఇళ్ళ మీద కూలి ఇద్దరు పైలట్లూ చనిపోవడం మన హైదరాబాదు వాళ్ళు మరచిపోలేదు. అన్నీ ఉన్నచోటే అలా జరగగలిగితే, ఏదీ లేనిచోట ఎంత జాగ్రత్త కావాలో మీరే ఊహించండి.

మనం చేయగలిగినది

చివరగా ఇంటికి తీసుకువెళ్ళడానికి కొన్ని మాటలు.

ఎవరైనా స్నేహితుడు జెట్‌లో వెనక సీటు ఇస్తానంటే మొహమాటపడకుండా నాలుగు ప్రశ్నలు అడగండి. ఎజెక్షన్ సీటు పనిచేస్తుందా, లేదా? పనిచేస్తే నాకు నేర్పేదెవరు? ఇంజన్ ఆగితే మన పథకం ఏమిటి? ఇవాళ ఏ ఎత్తుకు దిగువన విన్యాసం చేయరు? గత మూడు నెలల్లో ఈ విమానం ఎన్ని గంటలు నడిపారు? మంచి పైలట్‌కు ఈ ప్రశ్నలంటే సంతోషం. చిరాకు పడితే మీకు జవాబు దొరికినట్టే. డబ్బులు తీసుకుని తిప్పుతానంటే ఇంకా జాగ్రత్త, ఎందుకంటే ఎక్స్‌పెరిమెంటల్ విమానంలో సాధారణంగా అద్దెకు మనుషుల్ని ఎక్కించుకోకూడదు. ఎక్కే ముందు మీ జీవిత బీమా పాలసీలో చిన్న అక్షరాలు కూడా ఒకసారి చదవండి.

ఎయిర్ షోకి వెళితే టికెట్ కొనుక్కుని ప్రేక్షకులకు కేటాయించిన చోటే నిలబడండి. రన్‌వే చివర రోడ్డు పక్కన కారు ఆపి చూడటం పది డాలర్ల ఆదా. ఆ దూరాలన్నీ లెక్క కట్టినది లోపలి ప్రేక్షకుల కోసం.

పిల్లలు ఎగురుతామంటే వద్దనకండి. ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ వారు 1992 నుంచి యంగ్ ఈగిల్స్ పేరుతో 8 నుంచి 17 ఏళ్ళ పిల్లల్ని ఉచితంగా చిన్న విమానాల్లో తిప్పుతున్నారు. అక్కడ మొదలుపెట్టమనండి. గ్లైడర్ నేర్చుకుంటే ఇంజన్ లేకుండా ఎత్తును పొదుపుగా వాడుకోవడం వస్తుంది. విన్యాసాలు ఇష్టమైతే సూపర్ డెకథ్లాన్ లాంటి విమానంలో మంచి గురువు దగ్గర, బోలెడంత ఎత్తులో నేర్చుకోమనండి. జెట్ ఎక్కడికీ పారిపోదు.

ఇక స్తోమత ఉండి జెట్టే కొంటామనే మిత్రులకు నా మనవి ఒక్కటే. కొనే డబ్బుతో పాటు, దాన్ని చూసుకునే మెకానిక్‌కూ, నెలనెలా చేసే సాధనకూ, మీ తప్పులు మొహం మీద చెప్పే గురువుకూ సరిపడా డబ్బు పక్కన పెట్టుకోండి. అది లేకపోతే విమానం కొనకండి. "ఇవాళ నువ్వు ఎగరవు" అనగలిగే మనిషిని ఒకరిని వెతికి పెట్టుకోండి. ఆ మనిషి అన్న రోజున వినండి.

మనమంతా ఊళ్ళు వదిలి, వెనకున్న తాతముత్తాతల వ్యవస్థ వదిలి, రెండు సూట్‌కేసులతో వచ్చినవాళ్ళమే. పెట్టెలో రానివన్నీ ఇక్కడ మళ్ళీ కట్టుకోవడానికే ఈ సంఘాలూ, ఈ సభలూ. కనుక ఈ మాట మీకు ప్రత్యేకంగా వివరించనక్కరలేదనుకుంటాను.

భోజనాల వేళ అయింది, గేట్ దగ్గర ఎత్తు సరిపోలేదు కనుక నేనూ విన్యాసం ఇక్కడితో ఆపేస్తున్నాను.